హామ్ ఎగ్జామ్‌కి నా ప్రిపరేషన్: బుక్ కంటే ముందు క్లబ్ గుమ్మం ఎక్కండి

ఏఎస్ఓసీ, అంటే అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్స్ సర్టిఫికెట్, మనందరం హామ్ ఎగ్జామ్ అనేది. హామ్ రేడియో అంటే వ్యాపారం కోసం కాకుండా సరదాకి సొంత వైర్‌లెస్ సెట్‌తో మాట్లాడుకునే హాబీ, అలా మాట్లాడేవాళ్లే హామ్స్, ఆ లైసెన్స్‌కి దారి ఈ పరీక్ష. దీనికి అశోక్‌నగర్‌లో కోచింగ్ లేదు, జిరాక్స్ షాపులో నోట్స్ దొరకవు, టాపర్ ఇంటర్వ్యూలు అసలే ఉండవు. అందుకే ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి, రిటైరయ్యాక రాద్దామనుకుంటున్న పెద్దవాళ్లకి కూడా ఉపయోగపడుతుందని నాకు పనికొచ్చినవి రాస్తున్నాను. నాది వైజాగ్, చదివింది బీకామ్, ఫిజిక్స్‌తో టెన్త్ తర్వాత మాటల్లేవు. కాబట్టి ఎలక్ట్రానిక్స్ వాళ్లకి మాత్రమే కదా అని ఆగిపోకండి.

ముందు ఎగ్జామ్ సంగతి గబగబా చెప్పేస్తాను. పెట్టేది టెలికాం డిపార్ట్‌మెంట్ కింద ఉండే డబ్ల్యూపీసీ, అంటే వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ వింగ్. 12 ఏళ్లు నిండితే చాలు, పై వయసుతో పని లేదు. రెండు గ్రేడ్లు ఉన్నాయి, రిస్ట్రిక్టెడ్, జనరల్. రెండిట్లోనూ పేపర్ రెండు ముక్కలు, ఒకటి రేడియో థియరీ, రెండోది రెగ్యులేషన్స్. జనరల్‌కి అదనంగా మోర్స్ కోడ్ ఉంటుంది, నిమిషానికి 8 పదాల స్పీడ్‌లో వినాలి, పంపాలి. రిస్ట్రిక్టెడ్‌లో సెక్షన్‌కి 40 శాతం, మొత్తం మీద 50 రావాలి, జనరల్‌లో 50, 55. రిస్ట్రిక్టెడ్ వాళ్లకి వీయూ3తో, జనరల్ వాళ్లకి వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో మన గుర్తింపు పేరు, ఇస్తారు, రాజీవ్ గాంధీ గారిది వీయూ2ఆర్‌జీ అని అందరూ చెప్తుంటారు కదా, అదే సిరీస్. ఇవన్నీ నేను రాసినప్పటి లెక్కలు, ఫీజులు, పద్ధతులు మారుతుంటాయి, అప్లై చేసే ముందు డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఒకసారి చూసుకోండి.

ఇక అసలు విషయం. చాలామంది క్వశ్చన్ బ్యాంక్ డౌన్‌లోడ్ చేసి బట్టీ పడుతున్నారు, పాస్ కూడా అవుతున్నారు, నేను కాదనను. కానీ పాసైన తర్వాత చేతిలో సెట్ పెడితే మైక్ నొక్కడానికి భయపడేవాళ్లని చాలామందిని చూశాను. నేను మాత్రం క్లబ్‌కి వెళ్లిన తర్వాతే పుస్తకం తెరిచాను, దానికి కారణం హుద్‌హుద్. 2014 అక్టోబర్ 12న తుపాను వైజాగ్ మీదే తీరం దాటింది, ఆ రోజు ఊళ్లో ఉన్నవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. కరెంటు పోయింది, సెల్ టవర్లు కొన్ని కూలిపోయాయి, నిలబడ్డవాటికి డీజిల్ అయిపోయింది, ఎక్కడో ఒకచోట సిగ్నల్ గీత కనిపిస్తే వందమంది ఒకేసారి ఫోన్ కొట్టడంతో అదీ పడిపోయేది. అప్పుడు హామ్స్ సెట్లు, బ్యాటరీలు పట్టుకుని దిగారని తర్వాత తెలిసింది. టవర్ అక్కర్లేదు, ఎక్స్చేంజ్ అక్కర్లేదు, ఒక తీగ, ఒక బ్యాటరీ, రెండు వైపులా తెలిసిన మనిషి ఉంటే చాలు అనే మాట నాకు బుర్రలో ఉండిపోయింది.

మా క్లబ్‌లో ఆదివారం ఉదయం మేడ మీద యాంటెన్నా కట్టే పని ఉంటుంది. కొత్తవాళ్లకి మొదట ఇచ్చేది మైక్ కాదు, కొలత టేపు. హాఫ్ వేవ్ డైపోల్, అంటే మధ్యలో కేబుల్ కలిపి రెండు వైపులా సాగదీసే తీగ యాంటెన్నా, దాని పొడవు మీటర్లలో కావాలంటే 143ని మెగాహెర్ట్జ్‌లలో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగించాలి, ఇది సిలబస్‌లో ఉంది. 7.1 మెగాహెర్ట్జ్‌కి లెక్కేస్తే సుమారు 20 మీటర్లు, అంటే అటో 10, ఇటో 10. పేపర్ మీద ఇది ఒక మార్కు ప్రశ్న. మేడ మీద అయితే తీగ కొంచెం పొడుగ్గా కట్టి, పంపిన పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపించే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ చూస్తూ చివర్లు కత్తిరించుకుంటూ రావాలి, తీగ పొడుగైతే రెసొనెన్స్, అంటే యాంటెన్నా బాగా పలికే ఫ్రీక్వెన్సీ, కిందికి పోతుంది, కత్తిరిస్తే పైకి వస్తుంది, ఒకసారి కటింగ్ ప్లయర్‌తో మీరే కత్తిరిస్తే ఈ పాయింట్ ఇక జన్మలో మర్చిపోరు. 50 ఓమ్స్ కేబుల్ ఎందుకు, టీవీ డిష్ కేబుల్ 75 ఓమ్స్ అయితే ఏమవుతుంది, రిఫ్లెక్టెడ్ పవర్ అంటే ఏంటి, ఇవన్నీ అక్కడే మాటల్లో తేలిపోయాయి. నాలాంటి కామర్స్ వాడికి వోల్టులు, ఆంపియర్లు, వాట్ల లెక్క కూడా అక్కడే ఎక్కింది. 100 వాట్ల రిగ్, అంటే మాట్లాడే సెట్, ట్రాన్స్‌మిట్‌లో 13.8 వోల్టుల దగ్గర దాదాపు 20 ఆంపియర్లు లాగుతుంది, గుణిస్తే 276 వాట్లు, బయటికెళ్లేది 100, మిగతాది వేడి. అదే రిగ్ ఊరికే వింటూ ఉన్నా ఒక ఆంపియర్ తింటుంది. ఇప్పుడు యూపీఎస్‌లో ఉండే 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీతో తుపాను రాత్రి ఎంతసేపు లాగగలరు? వినడానికే కాగితం మీద 7 గంటలు, పాత బ్యాటరీ అయితే అందులో సగం అనుకోండి. అందుకే ఎమర్జెన్సీలో పవర్ తగ్గించి, మాట తగ్గించి పని చేయాలి అంటారు.

ప్రాపగేషన్, అంటే సిగ్నల్ ఎలా ప్రయాణిస్తుందో చెప్పే చాప్టర్, చాలామందిని ఏడిపిస్తుంది, పై ఆకాశంలోని డీ లేయర్, ఎఫ్ లేయర్, సిగ్నల్ దూకేసి వెళ్లే స్కిప్ జోన్ అని. దీనికి నా సలహా ఒకటే, వినండి. లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిట్ చేయకూడదు గానీ ఇంటర్నెట్‌లో వెబ్ ఎస్‌డీఆర్ రిసీవర్లు ఉన్నాయి, ఫోన్‌లోనే 40 మీటర్ల బ్యాండ్ (40 అనేది తరంగం పొడవు, తీగది కాదు) పెట్టుకుని ఎల్ఎస్‌బీ అనే మోడ్‌లో 7 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ మధ్య తిప్పండి. పొద్దున్న పూట మన దగ్గరి స్టేషన్లు, వైజాగ్ నుంచి హైదరాబాద్ అంటే ఆకాశ మార్గంలో ఒక 500 కిలోమీటర్లు, చక్కగా వినిపిస్తాయి, రాత్రయ్యేసరికి దగ్గరివాళ్లు మాయమై ఎక్కడెక్కడి దేశాలో వచ్చి పడతాయి. పగలు డీ లేయర్ సిగ్నల్‌ని మింగుతుంది, రాత్రి అది ఉండదు అని పుస్తకంలో ఒక లైన్ రాసుంటుంది, వారం రోజులు విన్న చెవికి ఆ లైన్ చదివే అవసరం కూడా ఉండదు. అన్నట్టు డైపోల్‌ని బాగా ఎత్తులో కట్టాలని అందరూ తాపత్రయపడతారు గానీ జిల్లాల మధ్య మాట్లాడటానికి తక్కువ ఎత్తే మేలు, సిగ్నల్ నిటారుగా పైకెళ్లి చుట్టుపక్కల రెండు మూడొందల కిలోమీటర్లలో దిగుతుంది, దీన్నే ఎన్‌విస్ అంటారు. తుపాను డ్యూటీకి ఇదే కావాలి, మనం అమెరికాతో మాట్లాడాల్సిన పని లేదు కదా.

వీహెచ్ఎఫ్‌కి, అంటే ఇంకా పై ఫ్రీక్వెన్సీలకి, వస్తే చూపు ఆనినంత దూరం. కిలోమీటర్లలో దూరం కావాలంటే రెండు యాంటెన్నాల ఎత్తుల వర్గమూలాలు కూడి 4.12తో గుణించండి. 9 మీటర్ల మేడ, 100 మీటర్ల కొండ అయితే 3 ప్లస్ 10, పదమూడు, అంటే 53 కిలోమీటర్ల పైచిలుకు. సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే రిపీటర్లు కొండల మీద ఎందుకు పెడతారో ఈ లెక్కే చెప్తుంది. కానీ గాలికి ముందు ఎగిరేది కూడా కొండ మీద యాంటెన్నాయే, అందుకే మా విపత్తు డ్రిల్‌లో సగం టైమ్ రిపీటర్ ఆపేసి సింప్లెక్స్‌లోనే, అంటే సెట్ నుంచి సెట్‌కి నేరుగా, చేయిస్తారు. రిపీటర్‌కి అలవాటు పడ్డ హ్యాండీ (చేతి సెట్) బాబులు ఆ రోజు కాస్త తెల్లబోతారు.

రెగ్యులేషన్స్ సెక్షన్ బోర్ అని అందరూ చివరికి వదిలేస్తారు, మార్కులు పోయేది అక్కడే. 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ రూల్స్, వాటి సవరణలు చదవాలి. వ్యాపారం మాట్లాడకూడదు, పాటలు వేయకూడదు, బ్రాడ్‌కాస్టింగ్ చేయకూడదు, రహస్య కోడ్‌లో పంపకూడదు, ఇవి తేలిక. గట్టిగా పట్టుకోవాల్సింది థర్డ్ పార్టీ మెసేజ్ రూల్. మామూలు రోజుల్లో వేరేవాళ్ల కబురు మోయడానికి మనకి హక్కు లేదు. భూకంపం, వరద, తుపాను లాంటి విపత్తులో మాత్రం కుదురుతుంది, అది కూడా కలెక్టర్ లాంటి అధికారుల నుంచి వచ్చి, అలాంటి అధికారులకే వెళ్లే మెసేజ్ అయి ఉండాలి. అందుకే మెసేజ్ ఫారం మీద ఎవరు పంపుతున్నారు, ఎవరికి, ఎన్ని గంటలకి, సంతకం అన్నీ అడుగుతారు. ఫారం నింపే ప్రాక్టీస్ చేస్తే రూల్ దానంతటదే వచ్చేస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ అండమాన్. 2004 డిసెంబర్‌లో భారతి ప్రసాద్ గారు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున పోర్ట్ బ్లెయిర్ వెళ్లి స్టేషన్ పెట్టారు. అండమాన్ నుంచి ఏళ్ల తరబడి హామ్ సిగ్నలే లేదు, ప్రపంచమంతా ఆ కాంటాక్ట్ కోసం క్యూ కట్టింది. 26న సునామీ వచ్చింది, ఫోన్లు పోయాయి, సరదాగా మొదలైన ఆ స్టేషనే దీవులకీ మెయిన్‌లాండ్‌కీ మధ్య కబుర్లు మోసింది. యాంటెన్నా అప్పటికే కట్టి ఉంది, మనిషి అప్పటికే సీట్లో ఉన్నారు, పనికొచ్చింది ఆ రెండే.

ఇప్పుడు డ్రిల్ గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నా దృష్టిలో పరీక్షలో అడగని అసలు సిలబస్ ఇదే. ఒకే ఫ్రీక్వెన్సీ మీద అందరూ కలిసేదాన్ని నెట్ అంటారు, దానికి నెట్ కంట్రోల్ అని ఒకరు కూర్చుంటారు, ఎవరు మాట్లాడాలన్నా ఆయన్ని అడిగే మాట్లాడాలి, మిగతా టైమ్‌లో నోరు మూసుకుని వినాలి. ఇదే చాలామందికి కష్టం, మనవాళ్లకి ఫోన్‌లో కూడా అవతలివాళ్లు ముగించేదాకా ఆగే అలవాటు తక్కువ. మెసేజ్ చదివేవాళ్లు రాసుకునేంత నెమ్మదిగా చదవాలి, రాసుకున్నవాళ్లు తిరిగి చదివి వినిపించాలి, పదాల లెక్క సరిపోవాలి. అంకెలు తెలుగులో చెప్తే గొడవ, గరగర శబ్దంలో ఇరవై, అరవై ఒకేలా వినిపిస్తాయి, ఎనభై యాభై కూడా అంతే. ఇంగ్లిష్‌లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ అదే తంతు. ఇరవై ప్యాకెట్ల పాలు అడిగితే అరవై రావడం పర్లేదు, అరవై మంది చిక్కుకున్నారంటే ఇరవై మందికి పడవ పంపితే? కాబట్టి అంకె అంకెగా చెప్పాలి, సిక్స్ జీరో, మళ్లీ ఒకసారి సిక్స్ జీరో. ఊరి పేర్లు ఇంకో తలనొప్పి. కొత్తూరు అంటే ఏ కొత్తూరు? అనకాపల్లి పక్కనా, శ్రీకాకుళం వైపా, హైదరాబాద్ దాటితే అక్కడా ఒకటుంది. మండలం, జిల్లా చెప్పకపోతే మెసేజ్ తీసుకోవద్దని మాకు ఖచ్చితంగా చెప్పారు. అక్షరాలు కూడబలుక్కోవాలంటే ఆల్ఫా, బ్రావో, చార్లీ నోటికి రావాలి, నేను బస్సులో వెళ్తూ ముందున్న బండి నంబర్లు ఫొనెటిక్స్‌లో చదువుకునేవాణ్ణి, పక్క సీటువాళ్లు జరిగి కూర్చునేవాళ్లు, అది వేరే సంగతి.

క్యూ కోడ్స్, అంటే క్యూతో మొదలయ్యే మూడక్షరాల పొట్టి మాటలు, కూడా నెట్‌లోనే వచ్చేస్తాయి. క్యూఆర్ఎమ్ అంటే వేరే స్టేషన్ల గోల, క్యూఆర్ఎన్ అంటే ఉరుముల లాంటి సహజమైన గోల, ఈ రెండూ తికమక పెట్టి అడుగుతారు. లాగ్ బుక్ యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ఒకే టైమ్‌లో, రాసే అలవాటు చేసుకోండి, మన టైమ్‌లోంచి అయిదున్నర గంటలు తీసేయాలి, తెల్లవారుజామున 4 గంటలకి చేసిన కాంటాక్ట్ యూటీసీలో ముందు రోజు 22:30, తేదీ కూడా మారుతుంది, చాలామంది ఇక్కడ దొరికిపోతారు.

మోర్స్ గురించి భయం వద్దు, పద్ధతి మాత్రం ముఖ్యం. చుక్క, గీత చార్ట్ గోడకి అంటించి కళ్లతో నేర్చుకునేవాళ్లు నాలుగైదు పదాల స్పీడ్ దగ్గర ఇరుక్కుపోతారు, ఎందుకంటే చెవిలో పడ్డదాన్ని లెక్కపెట్టి చార్ట్‌లో వెతుక్కునేలోపు తర్వాతి అక్షరం వచ్చేస్తుంది. ఒక్కో అక్షరాన్ని 15 పదాల స్పీడ్‌లోనే వినండి, అక్షరానికీ అక్షరానికీ మధ్య గ్యాప్ పెంచుకోండి, అక్షరం మొత్తం ఒక దరువులా చెవికెక్కాలి. రెండు అక్షరాలతో మొదలుపెట్టి, పదిలో తొమ్మిది కరెక్ట్ వచ్చాకే మూడోది కలపండి. మన కాల్‌సైన్ ముందుండే వీయూ, డిడిడిడా డిడిడా, ఇది ఎలాగూ జీవితాంతం కొడతారు కాబట్టి దీంతోనే మొదలుపెట్టినా తప్పులేదు. హెచ్‌కీ అయిదుకీ, బీకీ ఆరుకీ తేడా ఒక్క చుక్కే, వీటి మీద ప్రత్యేకంగా కూర్చోండి. ఒక అక్షరం మిస్ అయితే అక్కడ గీత గీసి ముందుకి పోవాలి, దాని గురించే ఆలోచిస్తూ కూర్చుంటే ఇంకో నాలుగు పోతాయి. రోజూ పావుగంట చాలు, ఆదివారం మూడు గంటలు కూర్చుంటే ఉపయోగం లేదు.

ఏ గ్రేడ్ రాయాలి అని చాలామంది అడుగుతున్నారు. మోర్స్ మీద ఇష్టముంటే నేరుగా జనరల్, 400 వాట్ల దాకా అనుమతి ఉంటుంది. లేదంటే రిస్ట్రిక్టెడ్ రాసేయండి, 50 వాట్లు తక్కువేం కాదు, ఆ పవర్‌తో పైన చెప్పిన 40 మీటర్ల బ్యాండ్ డైపోల్ మీద రాష్ట్రమంతా మాట్లాడొచ్చు, జనరల్ తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చు. పాసయ్యాక లైసెన్స్‌కి సరళ్ సంచార్ పోర్టల్‌లో అప్లై చేయాలి, చేతికొచ్చేదాకా ఓపిక పట్టాలి. ఈ గ్యాప్‌లోనే ఆన్‌లైన్‌లో చవక చైనా హ్యాండీ కనిపించి చెయ్యి దురద పెడుతుంది. ఆగండి, లైసెన్స్ లేకుండా అలాంటి సెట్ దగ్గర పెట్టుకోవడమే నేరం. అప్పటిదాకా క్లబ్ స్టేషన్‌లో లైసెన్స్ ఉన్న సీనియర్ పక్కన కూర్చుని లాగ్ రాయండి, మెసేజ్ ఫారాలు నింపండి.

డౌట్స్ ఉంటే అడగండి, నాకు తెలిసినంత చెప్తాను. ఏ సెట్ కొనాలి అని మాత్రం ఇప్పుడే అడగొద్దు, ముందు 20 మీటర్ల తీగ కొని మేడ మీద కొలవడం మొదలుపెట్టండి. ఆల్ ది బెస్ట్, 73 (హామ్స్ భాషలో శుభాకాంక్షలు).