స్విచ్ మీది బరువు రిలే మీదికి: పాత కారు హెడ్‌లైట్ల వైరింగ్, నా అనుభవం

లైట్ వేస్తే బల్బు పసుప్పచ్చగా వెలుగుతోంది. పది నిమిషాలకే స్టీరింగ్ పక్కనున్న, లైట్లు వేసే కాంబినేషన్ స్విచ్ చేతికి వేడిగా తగులుతోంది. బల్బులు మార్చినా ఇదే వరస. ఇలాంటప్పుడు ఇంకా ఎక్కువ వాట్ల బల్బు వేస్తే ముందు కాలిపోయేది స్విచ్చే. అందుకని మొదట మల్టీమీటర్ తీశాను.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులు ఉన్నాయి. లో బీమ్ వేసి, మీటర్ ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్‌కి, నల్ల వైరు బల్బు హోల్డర్ వెనక ప్లస్ పిన్నుకి ఆనించాను. 1.5 వోల్టులు చూపించింది. బల్బు ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్‌కి చూస్తే మరో 0.4. అంటే బల్బుకి అందుతున్నది 11.7 వోల్టులే. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమంగా తగ్గదు, దాదాపు 3.4వ ఘాతంలో పడిపోతుంది. ఆ లెక్కన వెలుగు అరవై శాతానికి దిగినట్టే. ఈ కొలత లైటు వెలుగుతుండగానే తీయాలి. కరెంటు పారకపోతే వైరులో ఎంత లోపమున్నా మీటరులో కనిపించదు.

దీనికి మందు రిలే. స్విచ్‌కీ రిలేకీ తేడా ఇక్కడే తెలుస్తుంది. రెండు 55 వాట్ల బల్బులంటే 110 వాట్లు, 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల పైమాటే. స్విచ్ ఒక్కటే ఉన్నప్పుడు ఆ కరెంటంతా డాష్‌బోర్డు దాకా వెళ్లి, స్విచ్‌లోని చిన్న కాంటాక్టు గుండా తిరిగి రావాలి. పైగా చల్లటి ఫిలమెంటు మొదటి క్షణంలో అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. రిలే లోపల ఉన్నదీ స్విచ్చే, కాకపోతే దాన్ని నొక్కేది వేలు కాదు, కాయిల్ అయస్కాంతం. 90 ఓముల కాయిల్‌కి 0.15 ఆంపియర్ చాలు. మన స్విచ్ ఆ కాస్తే మోస్తుంది. 9 ఆంపియర్లు బ్యాటరీ నుంచి రిలే మీదుగా దగ్గరి దారిన బల్బుకి పోతాయి.

నాకు కావలసి వచ్చినవి: 12 వోల్టుల, 30 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలేలు రెండు, వాటి సాకెట్లు, ఫ్యూజ్ హోల్డర్లు రెండు, హెచ్4 (లో, హై రెండూ ఒకే బల్బులో ఉండే రకం) పింగాణీ హోల్డర్లు రెండు, మెయిన్‌కి 2.5 చదరపు మి.మీ. వైరు, బల్బులకు 1.5, కాయిల్‌కి 0.75.

బ్యాటరీ మైనస్ ఊడదీశాకే వైరింగ్ మొదలుపెట్టాను. బ్యాటరీ ప్లస్ నుంచి రెండు ఫ్యూజులు: లో బీమ్‌కి 15 ఆంపియర్లు, హై బీమ్‌కి 20. బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజుకి ముందున్న వైరు బాడీకి రాసుకుంటే మంటే. రిలే పిన్నుల మీద అంకెలుంటాయి: 30 కరెంటు వచ్చేది, 87 బల్బుకి పోయేది, 85, 86 కాయిల్ రెండు కొసలు. ఫ్యూజు నుంచి ఒక్కో రిలే 30వ పిన్నుకి, 87 నుంచి రెండు బల్బులకీ వైర్లు లాగాను. ఎడమ బల్బు పాత ప్లగ్గులోని లో వైరు ఒక రిలే 86కి, హై వైరు రెండో రిలే 86కి ఇచ్చి, 85లు రెండూ బాడీ ఎర్త్ చేశాను. కుడి ప్లగ్గు అవసరం లేదు, టేపు చుట్టేశాను. బల్బుల ఎర్త్‌కి కొత్త వైరు వేసి, పెయింటు గీకిన చోట బోల్టుతో బిగించాను.

పాత ప్లగ్గును నమ్మి కలిపేయకండి. ముందు లో, తర్వాత హై వేసి, బాడీకీ ఒక్కో పిన్నుకీ మధ్య కొలవండి. 12 వోల్టులు ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకి మారితే పైన చెప్పినట్టే. రెండుసార్లూ ఒకే పిన్నులో ఉంటే ఆ కారు స్విచ్ మైనస్‌ను కలుపుతోందని అర్థం. జపాన్ డిజైన్ కార్లలో ఇది తరచూ కనిపిస్తుంది. అప్పుడు ఆ ప్లస్ పిన్ను రెండు రిలేల 86లకీ, లో, హై పిన్నులు ఒక్కో 85కీ ఇవ్వాలి.

అయిదు పిన్నుల రిలే చేతికొస్తే మధ్యలో 87ఎ ఉంటుంది, రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు 30తో కలిసి ఉండే పిన్ను అది. బల్బు వైరు పొరపాటున దానికి తగిలిస్తే స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు లైటు వెలుగుతుంది, బ్యాటరీ తెల్లారేసరికి ఖాళీ. లోపల డయోడ్ (కరెంటును ఒక్క వైపుకే పోనిచ్చేది) ఉన్న రిలేలో 85, 86 తారుమారు చేస్తే డయోడ్ గుండా షార్టయి కారు పాత ఫ్యూజు పోతుంది. టిక్కుమని చప్పుడొచ్చినా లైటు రాకపోతే 30 దగ్గర కరెంటు చూడండి. రిలే టకటకా కొట్టుకుంటుంటే కాయిల్‌కి వోల్టేజీ చాలడం లేదు, చాలాసార్లు 85 ఎర్తే లూజుగా ఉంటుంది. రిలేకి బదులు ఇంట్లో గోడకుండే ఏసీ స్విచ్ పెట్టాలన్న ఆలోచనే వద్దు. ఏసీ సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్పార్కు ఆరిపోతుంది. డీసీలో ఆ వీలు లేదు, కాంటాక్టు కాలిపోతుంది.

రిలేలను పిన్నులు కిందికి ఉండేలా బిగించాను. సాకెట్లోకి నీరు దిగదు.

మళ్లీ కొలిస్తే ప్లస్ వైపు 0.2, ఎర్త్ వైపు 0.1. అరగంట వెలిగించాక స్విచ్ చల్లగానే ఉంది. రిలే గోరువెచ్చగా ఉంటే కంగారు పడనక్కర్లేదు, కాయిల్ ఒక్కటే రెండు వాట్ల వేడి ఇస్తుంది. 30 లేదా 87 దగ్గర సాకెట్ ప్లాస్టిక్కు రంగు మారితే మాత్రం లగ్గు (వైరు కొసన ఉండే లోహపు క్లిప్పు) లూజన్నమాట. వైరు కోసి కొత్త లగ్గు నొక్కి బిగించాల్సిందే (క్రింప్ చేయడం).