ఎస్ప్రెస్సో మెషీన్ నాది, చొక్కా మావయ్యది

మొత్తానికి నిన్న పొద్దున నోట్లో పెట్టుకోదగ్గ ఎస్ప్రెస్సో దిగింది. రెండు నెలలు పట్టింది.

మెషీన్ ఎంచుకోవడానికి పావుగంట కూడా పట్టలేదు, అదే నా కొంప ముంచింది. షోరూమ్ కుర్రాడు "సార్, పక్కది 15 బారే, ఇది 20 బార్" అన్నాడు. బుద్ధిగా తలాడించి 24 వేలు కట్టేశాను. కాఫీ పొడి మీద 9 బార్ల ఒత్తిడి ఉంటే చాలట. డబ్బా మీద రాసేది పంపు గరిష్ఠంగా ఎంత తోస్తుందన్న లెక్కే. కాఫీ గింజలు పొడి చేసే గ్రైండర్ మాట మాత్రం ఆ మహానుభావుడు ఎత్తనే లేదు.

ఆ ఆదివారం అత్తయ్య, మావయ్య భోజనానికి వచ్చారు. మెషీన్‌తో రెండు రకాల ఫిల్టర్ బుట్టలు ఇచ్చారు. అడుగున ఒకే చిన్న చిల్లు ఉండేది కొత్తవాళ్లకి. పొడి ఎలా ఉన్నా ఎంతో కొంత నురగ తెప్పిస్తుంది. నేనా కొత్తవాణ్ణి? దాన్ని సొరుగులో పడేసి, అడుగంతా చిల్లులుండే బుట్ట తీశాను. పొడేమో కాఫీ కొట్లో "మైదాలా ఆడించండి" అని పట్టించింది, పైగా 20 శాతం చికోరి. బలం కొద్దీ నొక్కి బిగించి బటన్ నొక్కాను.

మెషీన్ మూలిగింది. కప్పులో మూడు చుక్కలు. మావయ్య తెల్లచొక్కాలో పక్కనే నిలబడి, "బాబూ, ఇంకెంతసేపు?" అన్నారు. కంగారులో బటన్ ఆపి, వెంటనే బుట్ట బిగించిన పిడి పట్టుకుని తిప్పాను.

ఢామ్మంది. గోడ టైల్స్, నా మొహం, ఆయన కళ్లజోడు, చొక్కా, అంతా కాఫీ బురదే. అదృష్టం, ఎవరికీ కాలలేదు. ఆపగానే లోపలి ఒత్తిడిని బయటికి వదిలే వాల్వ్ చాలా చౌక మెషీన్లలో ఉండదు. గాజియా క్లాసిక్ లాంటివాటిలో ఉంటుంది. కొనేముందు బార్లు కాదు, దీన్ని అడగండి. లేకపోతే ఆపాక కాసేపు ఆగి పిడి తియ్యండి. అత్తయ్య ఒక్కమాట అనలేదు. స్టీలు ఫిల్టర్ కడిగి, డికాక్షన్ వేసి, అందరికీ కాఫీ ఇచ్చింది. తిట్టినా బాగుండేది.

తర్వాత గింజలు తెచ్చి మిక్సీలో కొట్టాను. సగం దుమ్ము, సగం పలుకులు. ఎనిమిది సెకన్లలో కప్పు నిండింది, చింతపండు నీళ్లలా పుల్లగా. చివరికి చేత్తో తిప్పే గ్రైండర్ 9 వేలు పెట్టి కొన్నాను. వేయించిన తేదీ చూసి అరకు గింజలు తెప్పించాను. 15 గ్రాముల పొడికి 30 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో. తొందరగా కారిపోతే ఇంకాస్త మెత్తగా, చుక్కలు చుక్కలుగా పడితే కాస్త బరకగా. అంతే విద్య. ముందు గ్రైండర్‌కి డబ్బు పక్కన పెట్టి, మిగిలినదానితో మెషీన్ చూసుకోండి. పాలు నురగ తెప్పించడం రెండో రోజే వచ్చేసింది, అందులో నన్ను మించినవాడు మా అపార్ట్‌మెంట్‌లో లేడు.

నిన్న మావయ్య మళ్లీ వచ్చారు. నేను పిడి అందుకోగానే లేచి, "బాబూ, నేను బాల్కనీలో కూర్చుంటా, అక్కడికే తీసుకురా" అన్నారు.