పోస్టుకార్డు మీది తోట, తాత చీనీ తోట

పాత సామాన్ల సంతలో మా పదేళ్ళ అబ్బాయి ఒక డాలరు పెట్టి కొన్న పోస్టుకార్డు మీద ఆకు కనబడనంత దట్టంగా తెల్లని పూలు పూసిన చెట్ల వరుసలు, వాటి వెనుక నీలి కొండలు, కింద ‘వ్యాలీ ఆఫ్ హార్ట్స్ డిలైట్’ (మనసు మురిపించే లోయ) అన్న అక్షరాలు ఉన్నాయి. ఆ కొండలు కాలిఫోర్నియాలోని మా సన్నీవేల్ ఇంటి కిటికీలోంచి రోజూ కనిపించేవే. తోట ఏమైందని వాడు అడిగితే, జవాబు కోసం నేను గ్రంథాలయంలో కూర్చోవలసి వచ్చింది.

ఇక్కడి ఆదివాసులైన ఒలోనీ ప్రజలు ఓక్ గింజలు ఏరుకుని బతికిన, ఇప్పుడు సిలికాన్ వ్యాలీగా పేరుపడ్డ ఈ సాంటా క్లారా లోయకు 1856లో పెల్లియర్ సోదరులు ఫ్రాన్సు నుంచి ప్రూను (ఎండబెట్టి తినే ఒక రకం ప్లమ్ పండు) అంట్లు తెచ్చారు. తోటలు పెరిగినకొద్దీ బావులూ పెరిగాయి. మొదట్లో వాటంతటవే పైకి ఉబికిన నీళ్ళను తర్వాత పంపులతో తోడవలసి రావడం, నీరు పోయిన బంకమట్టి పొరలు అణిగిపోవడంతో ఈ లోయలోని శాన్ హోసే నగరం నడిబొడ్డున నేల దాదాపు 13 అడుగులు కుంగింది. వాననీటిని ఇంకించి, బయటి నుంచి కాలువల్లో నీరు తెచ్చుకున్నాకే, 1969 ప్రాంతంలో, ఆ కుంగుబాటు ఆగింది; అణిగిన మట్టి మాత్రం మళ్ళీ లేవలేదు. ఈ తోటల్లో చెమటోడ్చిన జపాను కుటుంబాలను రెండో ప్రపంచ యుద్ధ కాలాన, 1942లో నిర్బంధ శిబిరాలకు తరలించిన సంగతీ వాడికి చెప్పాను. వలస వచ్చిన వాళ్ళమై ఉండి ఆ మాట దాటవేయడం నాకు న్యాయమనిపించలేదు.

అంతా విని, “అమ్మా, తాత వాళ్ళ చీనీ తోటలో కూడా నేల దిగిపోయిందా?” అన్నాడు.

అనంతపురం జిల్లాలో మా నాన్న చీనీ (బత్తాయి) తోటలో బోర్లు ఒక్కొక్కటిగా ఎండిపోయి, కాపుకొచ్చిన చెట్లను కొట్టించిన సంగతి ఎన్నోసార్లు చెప్పాను కానీ, తాను నడిచే నేల కథ తెలిసేదాకా వాడికది ఎక్కడో జరిగిన ముచ్చటగానే ఉండిపోయింది. ఈసారి కాగితం మీద బొమ్మ గీసి, అక్కడ అడుగున ఉన్నది గట్టి రాయి కాబట్టి నేల కుంగదనీ, రాతి పగుళ్ళలోని కొద్దిపాటి నీరు అయిపోతే ఎంత లోతుకు బోరు వేసినా దుమ్మే తప్ప చెమ్మ రాదనీ చెప్పాను.

ఆ రాత్రి వీడియో కాల్‌లో పోస్టుకార్డు చూపిస్తే మా నాన్న కళ్ళజోడు సర్దుకుని, “చెట్టుకూ చెట్టుకూ ఎన్ని అడుగులు ఎడం పెట్టినారు రా?” అని అడిగాడు. ఆదివారం, మా నగరం కాపాడుకొస్తున్న ఆప్రికాట్ తోటకు వాడు కొలత టేపు పట్టుకుని బయలుదేరాడు.