ఒకటీ మూడూ కాదు, రెండూ నాలుగూ

ఖర్చు సంగతి ముందే చెప్పేస్తాను, ఇంటికి రాగానే మా ఆవిడ మొదట అడిగింది అదే కాబట్టి. గిటారు క్యాంపు ఫీజు, హాస్టల్ రూము, బస్సు టికెట్లు, అక్కడ కొన్న ఒక పిక్, అన్నీ కలిపితే న్యూజెర్సీలో మా ఎడిసన్ నుంచి హైదరాబాదు వెళ్ళొచ్చేవాణ్ణి. పిక్ అంటే గిటారు తీగలు మీటే ప్లాస్టిక్ ముక్క, అంతే. మామూలువి అర డాలరుకి దొరుకుతాయి. ఈ సంగీతానికి మాత్రం చొక్కా గుండీకి మూడింతల మందం ఉన్నది కావాలట, పాతిక డాలర్లు. "పోనీ ఏం నేర్చుకున్నారు?" అంది. రిథమ్ అన్నాను. "నాలుగేళ్ళుగా ఇంట్లో వాయిస్తున్నది అదే కాదా?" అంది. కాదని ఒప్పుకోవడానికి నాకు ఒక వారం పట్టింది, ఆవిడకి ఏం చెప్పను.

మసాచుసెట్స్‌లో నార్తాంప్టన్ అనే చిన్న ఊళ్ళో, స్మిత్ కాలేజీలో, జూన్ నెలలో పిల్లలంతా సెలవులకి వెళ్ళాక గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ పిచ్చి ఉన్నవాళ్ళు వచ్చి చేరతారు. క్యాంపు పేరే జాంగో ఇన్ జూన్. ఎడిసన్ నుంచి కారులో అయితే మూడు మూడున్నర గంటలు. కానీ ఆ వారం పాప డాన్సు క్లాసులకి కారు ఇంట్లో ఉండాలి, అందుకని బస్సు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మారాల్సిన బస్సు గంటన్నర ఆలస్యం. వచ్చాక డ్రైవరు గిటారు కింద డిక్కీలో పెట్టమన్నాడు, నేను పెట్టనన్నాను, చివరికి దాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీ బయట కనెక్టికట్ నది బాగుందని పక్కావిడ అంది. నాకు గిటారు మెడ తప్ప ఏమీ కనిపించలేదు.

ఫారంలో నన్ను నేను "ఇంటర్మీడియట్" అని రాసుకున్నాను. సోలోలు, అంటే ముందుండి ఒక్కడే వాయించే ముక్కలు, నేర్చుకోవాలని వెళ్ళాను మరి. యూట్యూబ్ చూసి నాలుగేళ్ళు కష్టపడ్డవాడికి ఆ మాత్రం ఆశ ఉండదా. మొదటి రోజు మధ్యాహ్నం భోజనానికి ముందే నాకు నేనే కింది క్లాసుకి దిగిపోయాను. ఎవరూ పొమ్మనలేదు, అదే ఇంకా సిగ్గు. నా పక్కన కూర్చున్న పద్నాలుగేళ్ళ కుర్రాడు టీచరు వాయించిన ముక్కని ఒకసారి విని తిరిగి వాయించేశాడు, వాయించి నీళ్ళ సీసా తీసి తాగాడు.

జాంగో గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1910లో బెల్జియంలో పుట్టాడు, పారిస్ చుట్టుపక్కల బండి ఇళ్ళలో పెరిగాడు. 1928లో వాళ్ళ బండికి నిప్పంటుకుంది. భార్య అమ్మకానికి చేసిన సెల్యులాయిడ్ పూలు గుప్పున అంటుకున్నాయట. ఎడమచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు దాదాపు పనికిరాకుండా పోయాయి. మిగిలిన రెండు వేళ్ళతో సోలోలు వాయించాడు. ఇది చదివినప్పుడు "అబ్బా" అనుకుంటాం, అంతే. రెండో రోజు రాత్రి మాలో ఒకడు సరదాగా తన రెండు వేళ్ళకి రబ్బరు బ్యాండు వేసి వాయించబోయాడు, తర్వాత నేనూ వేసుకున్నాను. ఒక మామూలు స్కేలు పైకి వెళ్ళి కిందికి రావడానికి చెయ్యి మొత్తం ఎండ్రకాయలా అటూ ఇటూ పాకాల్సి వచ్చింది. నిమిషంలో తీసేశాను. 43 ఏళ్ళకే పోయాడాయన. నాకిప్పుడు 47.

ఇంకో మాట. జాంగో జాతివాళ్ళని జిప్సీలు అంటుంటారు, కానీ ఆ పదం వాళ్ళలో చాలామందికి నచ్చదు, అది బయటివాళ్ళు పెట్టిన పేరు. మనూష్, సింటీ, రోమా అంటారు. అందుకే ఫ్రాన్సులో ఈ సంగీతాన్ని జాజ్ మనూష్ అంటారు. యూరప్ నుంచి వచ్చిన ఒక గిటారిస్టు, ఆయనా మనూష్ కుటుంబంలోనే పుట్టినవాడు, భోజనాల దగ్గర నా ఎదురుగా కూర్చున్నాడు. ఇండియా అనగానే మొహం విప్పారింది. వాళ్ళ పెద్దవాళ్ళు వెయ్యేళ్ళ కిందట మన వైపు నుంచే వెళ్ళారు కదా. "మీ భాషలో అంకెలు చెప్పండి" అన్నాడు. నేను ఉత్సాహంగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్నాను. ఆయన మొహం చూడాలి. మర్యాదగా తలూపాడు. ఆయన యేక్, దుయ్, త్రిన్, స్టార్ అన్నాడు. అప్పుడు నేను హిందీలో ఎక్, దో, తీన్, చార్ అనాల్సి వచ్చింది, ఆయన బల్ల మీద చరిచి నవ్వాడు. నీళ్ళని ఏమంటారు అన్నాను, పాని అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ రోజంతా హిందీ మీద అసూయగా ఉంది. తప్పిపోయిన చుట్టం వెయ్యేళ్ళకి ఇంటికొస్తే మన గుమ్మం దాటి పక్కింట్లోకి వెళ్ళినట్టు. మాండలిన్ తెచ్చిన ఒక పెద్దావిడ మాత్రం కాస్త ఓదార్చింది, మన మాండలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ వీడియోలు చూస్తుందట. ఆయన ఊరు పాలకొల్లు మా ఊరి నుంచి ఎంతో దూరం కాదని చెప్పుకున్నాను. తెనాలి నుంచి ఎంత దూరమో ఆవిడకేం తెలుసు.

మిగతా రోజులు క్లాసులు, ఉక్కపోత, సలాడ్లు. చెప్పేదేం లేదు. చెప్పాల్సింది గురువారం రాత్రి సంగతి.

రాత్రి పదయ్యాక హాస్టళ్ళ వరండాల్లో, మెట్ల మీద, చెట్ల కింద గుంపులు గుంపులుగా కూర్చుని వాయిస్తారు. ఒక గుంపు దాటి పది అడుగులు వేస్తే ఇంకో గుంపు, అక్కడా మైనర్ స్వింగే. 1937లో జాంగో, వయొలిన్ వాయించే గ్రాపెల్లీ కలిసి చేసిన పాట. నాకు వచ్చినవాటిలో అదొకటి కాబట్టి ధైర్యం చేసి ఒక వరండాలో మూలగా కూర్చుని రిథమ్ వాయించడం మొదలుపెట్టాను. నా పక్కన డెబ్బై దాటిన పెద్దాయన. వెర్మాంట్‌లో స్కూలు బస్సు నడిపి రిటైర్ అయ్యాడట. పాట మధ్యలో ఆయన ఎడమచేత్తో గిటారు వదిలేసి, నా కుడిచేతి మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించాడు. ఆపమనలేదు. ఆనించి ఉంచాడంతే. ఎవరైనా నాడి చూస్తే ఎలా ఉంటుంది, అలా.

పాట అయ్యాక అన్నాడు, నాలుగు లెక్కల్లో నువ్వు ఒకటీ మూడూ మీద కొడుతున్నావు, ఇది రెండూ నాలుగూ మీద నడవాలి అని. నాకు ఆ సంగతి తెలుసు. నాలుగేళ్ళుగా తెలుసు. ఆయన ఈసారి నా చేతిని కాదు, పాదాన్ని చూపించాడు. చెప్పు ఒకటి మీద, మూడు మీద టపటపా పడుతోంది. కింద కాలు చెప్పిందే పైన చెయ్యి వింటోందన్నమాట.

ఆ రిథమ్‌ని లా పాంప్ అంటారు, పంపు కొట్టినట్టు ఉంటుందని. నాలుగు దెబ్బలు. మొదటిది కింది స్వరాల తీగల మీద మెత్తగా, రెండోది అన్ని తీగల మీదా పొడిగా, కొట్టీ కొట్టగానే ఎడమచేతి వేళ్ళు కాస్త సడలించాలి, మోత టక్కున ఆగిపోవాలి. మళ్ళీ అలాగే మూడు, నాలుగు. జాంగో బృందంలో డ్రమ్ములు లేవు. ఆయన తమ్ముడు జోసెఫ్, ఇంకొకాయన, రెండు గిటార్లూ ఇదే పని చేస్తూ కూర్చునేవాళ్ళు. ముందువాడు ఎంత ఎగిరినా వీళ్ళు కదలరు. పెద్దాయన యాభై ఏళ్ళుగా ఇదే వాయిస్తున్నాడట, సోలో ఎప్పుడూ వాయించలేదట. ఎందుకని అడిగితే, ఎవరూ అడగలేదన్నాడు.

నా కాలు అలా ఎందుకు పడుతుందో నాకు తెలుసు. తెనాలిలో మా వీధి రామాలయంలో శనివారం భజన. తాతయ్య చేతిలో చిడతలు. నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించేవాడు. దెబ్బ సమం మీద పడాలి, తప్పితే పాట ఆపకుండానే చిడతతో నెత్తిన ఒకటి పడేది. గట్టిగా కాదు, కానీ ఆ చిన్న ఇత్తడి బిళ్ళలు చెవి పక్కన ఘల్లుమనేవి. అది వినపడకుండా ఉండాలంటే ఒకటి మీద కొట్టాలి. ఆరేళ్ళప్పుడు ఒంటికి పట్టిన సంగతి ఇప్పుడు పాతిక డాలర్ల పిక్‌తో పోతుందా.

ఒంటి గంట వరకూ కూర్చున్నాం. ఆయన సలహా, చెప్పులు విప్పి కాళ్ళు మెట్టు మీద ముడుచుకోమని. సోఫాలో బాసింపట్టు వేసినట్టు ముడుచుకుని వాయించాను. కాలికి దారి లేక ఊరుకుంది. అప్పుడు ఎక్కడో ముప్పయ్యో నలభయ్యో చుట్టులో రెండు దగ్గర ఆ పొడి దెబ్బ దానంతట అదే పడింది, మూడు దగ్గర పడలేదు, నాలుగు దగ్గర మళ్ళీ పడింది. వయొలిన్ అమ్మాయి ఒకసారి తలెత్తి ఇటు చూసి మళ్ళీ కళ్ళు మూసుకుంది. పెద్దాయన ఏమీ అనలేదు. కొంచెం నిశ్శబ్దంగా వాయించడం మొదలుపెట్టాడు, అంటే నా గిటారు వినపడనిచ్చాడు. కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేక వరండా స్తంభం పట్టుకుని లేచాను.

ఆదివారం వచ్చేప్పుడు గిటారు డిక్కీలోనే పెట్టాను. నిద్ర.

మొన్న శనివారం ఎడిసన్‌లో తెలిసినవాళ్ళ ఇంట్లో భజన. మా ఆవిడ ముందు వరుసలో, నేను గోడకి ఆనుకుని వెనక. రామదాసు కీర్తన అందుకున్నారు, అందరితో పాటు చప్పట్లు కొడుతున్నాను. కాసేపటికి పక్కనున్న పదేళ్ళ పిల్లాడు నా మోచెయ్యి తట్టాడు.

"అంకుల్, మీరు రాంగ్ ప్లేస్‌లో కొడుతున్నారు."