గణితానుగమనం: 64తో నా గొడవ

ఇవాళ టెస్టు పేపర్లు ఇచ్చారు, గణితానుగమనం (1కి నిజమని చూపి, ఒక సంఖ్యకి నిజమైతే దాని తరవాతిదానికీ నిజమని చూపి, అన్నిటికీ నిరూపించే పద్ధతి) లెక్కకి ఫుల్ మార్కులు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

1 + 2 + ... + ఎన్ లాంటి మొత్తాల లెక్కలు ఈజీ. తరవాతి పదం కలిపి సర్దితే వచ్చేస్తాయి.

నా ప్రాణం తీసింది భాగింపబడే లెక్కలు. ఎన్ 1, 2, 3... ఏదైనా సరే, 49^ఎన్ + 16ఎన్ − 1 అనేది 64తో భాగింపబడుతుందని చూపాలి. ఎన్ = 1 పెడితే సరిగ్గా 64 వస్తుంది, బాగానే ఉంది. వెంటనే సార్ “ఎన్ = కె కి నిజమనుకుందాం” అని బోర్డు మీద రాసేశారు. నేను లేచి, సార్, మనం నిరూపించాల్సిందే అది కదా, ముందే నిజమని ఎలా అనుకుంటాం అని అడిగాను. “ఏమ్మా, పుస్తకం రాసినవాళ్ళకంటే నీకు ఎక్కువ తెలుసా? అలా రాస్తేనే మార్కులు” అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు. పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టి, అది చాలనట్టు సాయంత్రం మా నాన్నకి ఫోన్ చేయించారు, మీ అమ్మాయి క్లాసు డిస్టర్బ్ చేస్తోందని. డౌటు అడిగితే డిస్టర్బ్ చేసినట్టట! వైజాగ్ ద్వారకానగర్ నిండా ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టుకుంటారు గానీ ఎందుకని అడిగిన పిల్లకి జవాబు చెప్పడానికి మాత్రం టైముండదు వీళ్ళకి.

ఆదివారం మధురవాడలో మా పిన్ని దగ్గరికి వెళ్ళాను, ఇంట్లో ట్యూషన్లు చెప్తుంది. “అన్ని ఎన్‌లకీ నిజమని ఎవరనుకున్నారే? ఏదో ఒక్క కె దగ్గర నిజమైతే దాని పక్కదానికీ నిజమవుతుందా అని చూస్తున్నావంతే. 1 దగ్గర విడిగా చూసేశావు కదా, అక్కణ్ణుంచి 2, 2 నుంచి 3, అలా పోతుంది” అంది. మరి 1 దగ్గర చూడకపోతే అని అడిగాను. ఎన్(ఎన్ + 1) + 1 సరిసంఖ్య అని నిరూపించమంది. కె నుంచి కె + 1కి వెళ్తే పెరిగేది 2(కె + 1), అంటే సరిసంఖ్యే. కాబట్టి ఈ స్టెప్పు దర్జాగా పాసవుతుంది. కానీ ఎన్ = 1కి విలువ 3, అసలు ఏ ఎన్‌కీ సరిసంఖ్య రాదు! మొదటి స్టెప్పు మొక్కుబడి కాదని అప్పుడు తెలిసింది.

ఇక లెక్క. కె దగ్గర నిజమనుకున్నాం కాబట్టి 49^కె + 16కె − 1 = 64టి, అంటే 49^కె = 64టి − 16కె + 1 అని పెట్టుకుని, 49తో గుణించి, 16(కె + 1) − 1 కలపాలి. 49 × 64టి − 768కె + 64 వస్తుంది, 768 అంటే 64 × 12 కాబట్టి 64(49టి − 12కె + 1). అయిపోయింది. ఆ ఊపులో 3·5^(2ఎన్+1) + 2^(3ఎన్+1) అనేది 17తో భాగింపబడుతుందని పిన్ని చెప్పకుండానే చేసేశాను: మొదటి పదం ప్రతిసారీ 25 రెట్లు, రెండోది 8 రెట్లు అవుతుంది, తేడా 17 కళ్ళముందే ఉంది. మా సెక్షన్లో ఇది చూసింది నేనొక్కదాన్నే, కావాలంటే కనుక్కోండి.

ఒక్కటి మర్చిపోకండి, టి పూర్ణాంకం అని రాయండి. అది లేకపోతే మార్కు కోస్తారు. మా సార్ నా పేపర్లో ముందు వెతికింది అదే అయ్యుంటుంది, పెద్దక్షరాలతో రాసి కింద గీత కూడా గీశాను.