డెంటల్ ఇన్సూరెన్సా, డిస్కౌంట్ ప్లానా? శాతాలు కాదు, కోడ్ చెప్పి ధర అడగండి

అమెరికాలో కంపెనీ ఉద్యోగం వదిలి సొంతంగా కాంట్రాక్టు పని మొదలుపెట్టినవాళ్లకు పళ్ల ఖర్చు పూర్తిగా సొంత జేబు మీదే పడుతుంది. అప్పుడు ఎదురయ్యే దారులు రెండు: నెలనెలా ప్రీమియం కట్టే ఇన్సూరెన్స్, ఏడాదికోసారి రుసుము కట్టే డిస్కౌంట్ ప్లాన్. డిస్కౌంట్ ప్లాన్ ఇన్సూరెన్స్ కాదు. డెంటిస్టుకు అది ఒక్క డాలరు కూడా చెల్లించదు. అందులో చేరిన డెంటిస్టులు తగ్గించిన ధర తీసుకుంటారు, బిల్లు మొత్తం మనమే కట్టాలి, సాధారణంగా పని జరిగిన రోజే.

ఇన్సూరెన్స్‌లో ఎక్కువగా కనిపించే లెక్క 100-80-50. క్లీనింగ్, పరీక్ష, ఎక్స్‌రేలకు పూర్తిగా, ఫిల్లింగులకు 80 శాతం, క్రౌన్ (పన్ను మీద తొడిగే క్యాప్), బ్రిడ్జి లాంటివాటికి సగం ఇస్తారు. రూట్ కెనాల్ కొన్ని ప్లాన్లలో 80లో ఉంటుంది, కొన్నిటిలో 50లో. కొనేముందు ఈ ఒక్క విషయం తప్పక చూడండి, వందల డాలర్ల తేడా వస్తుంది. దీనికి తోడు డిడక్టిబుల్, అంటే కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టేముందు మనమే కట్టుకోవాల్సిన మొత్తం, చాలా ప్లాన్లలో సుమారు 50 డాలర్లు ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఏడాది పరిమితి: చాలా ప్లాన్లలో 1,000 నుంచి 2,000 డాలర్లు. అది దాటాక కంపెనీ ఇచ్చేదేమీ ఉండదు.

ఉదాహరణకు ఒక దవడ పన్ను తీసుకుందాం. నెట్‌వర్క్ ధరల్లో (ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న డెంటిస్టులు తీసుకునే ధరల్లో) రూట్ కెనాల్ 1,000, కోర్ బిల్డప్ (క్రౌన్ నిలిచేలా పన్నును నింపి కట్టడం) 250, క్రౌన్ 1,150, మొత్తం 2,400 అనుకోండి. డిడక్టిబుల్ 50 పోగా రూట్ కెనాల్‌కు 80 శాతం చొప్పున 760, మిగతా రెండిటికి సగం చొప్పున 700, అంటే ఇన్సూరెన్స్ 1,460 ఇవ్వాలి. కానీ పరిమితి 1,500 అయి, అందులో 250 ఇప్పటికే క్లీనింగ్‌లకు పోయి ఉంటే వచ్చేది 1,250 మాత్రమే. మీ వాటా 1,150, దాని మీద నెలకు 40 చొప్పున ప్రీమియం 480. మొత్తం 1,630.

డిస్కౌంట్ ప్లాన్‌లో అదే పనికి 2,500, క్లీనింగ్‌లకు 250, రుసుము 150 అయితే 2,900. ఇన్సూరెన్సే నయం అనిపిస్తుంది. అయితే సొంతంగా కొనే ప్లాన్లలో పెద్ద పనులకు ఏడాది వెయిటింగ్ పీరియడ్, అంటే చేరాక కంపెనీ ఏమీ చెల్లించని గడువు, మామూలు. ఆలోపు పన్ను విరిగి, రూట్ కెనాల్‌కూ ఆ గడువు వర్తిస్తే 2,400 మీరే కట్టాలి, 480 ప్రీమియం అదనం: 2,880. అదీ ఆ సమయంలో నెట్‌వర్క్ ధర వర్తిస్తేనే. కాబట్టి అసలు తేల్చుకోవాల్సింది వెయిటింగ్ పీరియడ్ సంగతే. పాత ఉద్యోగంలో డెంటల్ కవరేజీ ఉండి మధ్యలో విరామం రాకపోతే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు ఆ గడువును మాఫీ చేస్తాయి. పాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి కవరేజీ రుజువు పత్రం తెచ్చుకుని, మాఫీ సంగతి రాతపూర్వకంగా ఖాయం చేసుకున్నాకే డబ్బు కట్టండి.

క్లెయిమ్‌ను తిరగ్గొట్టే లేదా తగ్గించే నిబంధనలు చాలా ప్లాన్లలో ఇంకో రెండుంటాయి. పాలసీ తీసుకునేనాటికే ఊడిపోయిన పన్ను స్థానంలో ఇంప్లాంట్‌కో బ్రిడ్జికో డబ్బివ్వం అనేది ఒకటి. వెనక పళ్లకు తెల్ల ఫిల్లింగ్ వేయించుకున్నా వెండి ఫిల్లింగ్ ధర లెక్కనే చెల్లిస్తాం అనేది రెండోది. పెద్ద పనికి ముందు ప్రీ-డిటర్మినేషన్ (ఎంత ఇస్తారో ముందే తేల్చమని ఇన్సూరెన్స్ కంపెనీకి పెట్టే విన్నపం) పంపమని డెంటిస్టు ఆఫీసును అడిగితే ఇవన్నీ ముందే బయటపడతాయి.

డిస్కౌంట్ ప్లాన్‌లో వెయిటింగ్ లేదు, పరిమితి లేదు, పాత సమస్యలకూ పనికొస్తుంది. చిక్కంతా “60 శాతం దాకా తగ్గింపు” అనే ప్రచారంలోనే ఉంది. దేని మీద 60 శాతం? డెంటిస్టు పూర్తి ధర మీద. ఇన్సూరెన్స్ నెట్‌వర్క్ ధర కూడా పూర్తి ధరకంటే తక్కువే కాబట్టి పోల్చాల్సింది ఆ రెండు ధరల్నే. ప్లాన్ వెబ్‌సైటులో మీ జిప్ కోడ్‌కు వర్తించే ధరల పట్టిక తీసి, ఒక్కో పనికి ఉండే కోడ్ వెతకండి: డి3330 (దవడ పన్ను రూట్ కెనాల్), డి2950 (బిల్డప్), డి2740 (సిరామిక్ క్రౌన్) దగ్గర ఎంత ఉందో చూడండి. తర్వాత ఫ్రంట్ డెస్క్‌కు ఫోన్ చేసి, ఈ ప్లాన్ ఇప్పటికీ తీసుకుంటున్నారా, ఈ కోడ్‌కు ఎంత తీసుకుంటారు అని అడగండి. వెబ్‌సైటులో డాక్టర్ల జాబితాలు పాతబడి ఉండడం సాధారణం. స్పెషలిస్టుల దగ్గర చాలాసార్లు స్థిరమైన ధర ఉండదు, వాళ్ల మామూలు ఫీజులో కొంత శాతమే తగ్గిస్తారు. రూట్ కెనాల్ కోసం ఎండోడాంటిస్టు (ఆ పని చేసే స్పెషలిస్టు) దగ్గరికి వెళ్తే లెక్క మారిపోతుందన్నమాట.

ఉద్యోగమిచ్చిన కంపెనీ ఏదైనా సగం ప్రీమియం భరిస్తుంటే నా ఓటు ఇన్సూరెన్స్‌కే. పెద్ద పని ఇప్పుడే చేయించాలి, కవరేజీ రుజువు లేదు అంటే డిస్కౌంట్ ప్లాన్. పళ్లు బాగుండి ఏడాదికి రెండు క్లీనింగ్‌లు చాలనుకుంటే, మీ డెంటిస్టు ఆఫీసే సొంతంగా నడిపే సభ్యత్వ పథకం ఉందేమో కనుక్కోండి. రెండు క్లీనింగ్‌లు, ఎక్స్‌రేలు అందులో చాలాసార్లు కలిసే ఉంటాయి.

ఇన్సూరెన్స్ ఉండి పరిమితి చాలకపోతే రూట్ కెనాల్ డిసెంబరులో, క్రౌన్ జనవరిలో పెట్టించుకుంటే రెండేళ్ల పరిమితులూ వాడుకోవచ్చు, పాలసీ సంవత్సరం జనవరితో మొదలయ్యేదైతే. క్రౌన్ కోసం పన్ను అరగదీసిన తేదీనా, క్రౌన్ అతికించిన తేదీనా, కంపెనీ లెక్కలోకి తీసుకునేది ఏది అని ముందే అడగండి. రూట్ కెనాల్ అయిన దవడ పన్ను క్రౌన్ లేకుండా నెలల తరబడి ఉంటే చీలిపోవచ్చు, అందుకని ఆ విరామం ఎంతుండొచ్చో డెంటిస్టునే నిర్ణయించనివ్వండి.