మున్నాభాయ్ అడిగిన మొదటి ప్రశ్న

'మున్నాభాయ్ ఎం.బి.బి.ఎస్.' అనగానే చాలామందికి ముందుగా గుర్తుకు వచ్చేది, మున్నా ఎదుటివాళ్లకు ఇచ్చే ఆ కౌగిలింత. నాకు మాత్రం క్యాజువాలిటీ దగ్గర ఫారం అడిగే మనిషి గుర్తుకు వస్తాడు. పోయిన ఆదివారం నల్లగొండలో మా ఇంట్లో బాపుతోనూ, ఇక్కడి మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్న మా అన్న కూతురితోనూ కలిసి ఆ సినిమాను మళ్లీ చూసినప్పుడు, ఇన్నేళ్లుగా నేను నవ్వి వదిలేసిన సన్నివేశాలు కొన్ని ఈసారి అంత తేలికగా వదలలేదు.

రాజ్‌కుమార్ హిరానీ దర్శకత్వం వహించిన మొదటి సినిమా ఇది. 2003 డిసెంబరు 19న విడుదలైంది. ముంబైలో దాదాగిరీ చేసుకుని బతికే మున్నా, ఊరిలోని తల్లిదండ్రులకు తాను డాక్టరునని చెప్పుకుంటాడు. ఆ అబద్ధం బయటపడి తండ్రి అవమానం పాలైన తర్వాత, నిజంగానే డాక్టరు కావాలని మెడికల్ కాలేజీలో చేరతాడు. మరుసటి ఏడాదే జయంత్ సి. పరాన్జీ దీన్ని చిరంజీవితో 'శంకర్‌దాదా ఎం.బి.బి.ఎస్.'గా తీశారు. నేను ముందు చూసింది అదే. చిరంజీవి ఉన్నచోట పాటలూ ఫైట్లూ వాటి వాటా అవి అడుగుతాయి కనుక అందులో హుషారు ఎక్కువ; హిందీలో సంజయ్ దత్ మున్నాకు ఉన్న మొద్దుతనం, ఏమీ తెలియనివాడి తడబాటు నాకు ఎక్కువ నచ్చాయి. పైగా అతడి నోటి 'మామూ' హైదరాబాదు సందుల్లోనూ వినబడే మాటే కాబట్టి, ఆ బంబయ్యా హిందీ మా వాళ్లకు ఏనాడూ పరాయిగా అనిపించలేదు.

మున్నా తన ప్రవేశ పరీక్షను ఒక డాక్టరు చేత, అది కూడా బెదిరించి, రాయిస్తాడు. బైపీసీ చదివి, ఎంసెట్ రాసి, సీటు రాక ఇంటికి తిరిగివచ్చిన నాకు ఆ హాస్యం అప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడదు.

ఇక ఫారం సంగతి. ఆత్మహత్యకు ప్రయత్నించిన కుర్రవాడిని తీసుకుని తల్లి ఆస్పత్రికి పరుగెత్తుకు వస్తే, ముందు ఫారం నింపమంటారు. ఆ తర్వాత తరగతి గదిలో మున్నా అడిగే మొదటి ప్రశ్న అదే: మనిషి చావు బతుకుల మధ్య ఉన్నప్పుడు ఫారం నింపడం తప్పనిసరా? తోటి విద్యార్థులు నవ్వుతారు. పత్తి చేలలో పురుగుల మందు తాగినవాళ్లను ఆటోలో వేసుకుని, మందు ఏదో డబ్బా ఏదో చెప్పుకుంటూ పట్నం దాకా పోయిన కుటుంబాలు నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఉన్నాయి; వాళ్లెవరూ ఆ ప్రశ్నకు నవ్వరు.

మా ఇంట్లోనూ నవ్వలేదు. పదిహేనేళ్ల కిందట చిట్యాల దాటిన తర్వాత హైదరాబాదు–విజయవాడ రహదారి మీద లారీ తగిలి బాపు మోపెడ్ మీది నుంచి పడి మోకాలు చితికినప్పుడు, మొదట తీసుకుపోయిన ప్రైవేటు ఆస్పత్రిలో 'ఇది పోలీసు కేసు అయితది, ముందు కాగితాలు కానీయుండ్రి, పైసలు కట్టుండ్రి' అన్నారు. మేము పైసలు కట్టే కిటికీకీ ఏటీఎంకూ మధ్య తిరుగుతున్నంతసేపు ఆయన స్ట్రెచర్ మీదే ఉన్నాడు. పోలీసు కేసైనా సరే, అత్యవసర స్థితిలో ఉన్నవారికి ముందు వైద్యం చేయవలసిందేనని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అంటే సినిమా వచ్చేనాటికి ఆ తీర్పుకు పద్నాలుగేళ్లు. మున్నా అడిగినది తెలివితక్కువ ప్రశ్న కాదు, జవాబు వచ్చి కూడా అమలు కాని ప్రశ్న.

అయితే ఆ కాలేజీ డీన్ అస్థానాను ప్రతినాయకుడిగా తీసిపారేయలేము. సొంత కూతురికి ఆపరేషన్ చేయవలసి వస్తే తన చేతులు వణుకుతాయని, రోగిని ప్రేమించకపోవడం వల్లనే అవి వణకడం లేదని ఆయన విద్యార్థులకు చెబుతాడు. బొమన్ ఇరానీ ఆ పాత్రను కేవలం నవ్వులపాలు చేసి వదలలేదు గనుక ఆ మాటకు బరువుంది. కత్తి పట్టేవాడికి కొంత దూరం అవసరమే. మున్నా చేయి పట్టుకుంటాడు, క్యారమ్స్ ఆడిస్తాడు, ఏళ్ల తరబడి కదలిక లేని ఆనంద్ అనే రోగితో మాట్లాడతాడు. కానీ రోగ నిర్ణయం చేయలేడు. మా ఊరి ఆర్‌ఎంపీ కూడా అంతే. రాత్రి పన్నెండింటికి తలుపు తట్టినా వస్తాడు, మంచం పక్కన కూర్చుంటాడు, ఇంటివాళ్లందరి పేర్లూ తెలుసు. ప్రతి జ్వరానికీ ఒక సూది వేస్తాడు. ఆయన మీద ఊరికి ఉన్న నమ్మకం ఆ సూది వల్ల వచ్చింది కాదు, ఆ కూర్చోవడం వల్ల వచ్చింది. చివరికి మున్నాను డాక్టరు చేయకుండా వదిలిన కథకుల నిజాయితీ నాకు నచ్చుతుంది.

నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2019లో మొదలైంది. రోగితో ఎలా మాట్లాడాలో, ఎలా మెలగాలో నేర్పే 'ఎట్‌కామ్' పాఠాలు దేశమంతటా ఎంబీబీఎస్‌లో చేరినదీ ఆ ఏడాదే. మా అన్న కూతురు సినిమా మధ్యలో ఆపి, "కాకా, గిదే మాకు క్లాసు లెక్క చెప్తుండ్రు, మార్కులు సుత ఉంటయి" అన్నది. కౌగిలింతకు మార్కులు ఎన్ని అని అడిగాను, ముఖం చిట్లించింది.

బాపు అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. ఫారం సన్నివేశం దగ్గరకు మళ్లీ తిప్పమన్నాడు. మోకాలి మీద చేయి వేసుకుని రెండోసారి చూసి, "ఆ కిటికీ కాడ కూసున్నోన్ని ఎవ్వరు అడుగుతలేరు," అన్నాడు. "గప్పుడు నన్ను ఆపినోడు సుత పిల్లగాడే. లోపటికి పోయి అడిగొచ్చిండు, మల్ల వచ్చి కిందికి సూసుకుంట నిలవడ్డడు."